గర్భసంచి పోయినా నెల తిరుగుతుంది

"గర్భసంచి తీసేశాక ఇంకా నెలసరి బాధలేమిటమ్మా? అంతా నీ భ్రమ." ఇది ఒక మాట. "చెడు రక్తం పోయే దారి మూసుకుపోయింది. ఒంట్లోనే పేరుకుంటోంది. అందుకే ఇలా లావెక్కావు." ఇది ఇంకో మాట. గర్భసంచి ఆపరేషను చేయించుకున్న ఆడవాళ్లలో ఈ రెండూ విననివాళ్లు తక్కువ. మొదటిది చదువుకున్నవాళ్లు అంటారు, రెండోది ఇరుగుపొరుగు అంటారు. మొదటిది సైన్సులా, రెండోది మూఢనమ్మకంలా కనిపిస్తుంది. నిజానికి రెండూ ఒక తల్లి పిల్లలే. ఆడదాని ఒంట్లో జరిగే ప్రతిదానికీ మూలం గర్భసంచే అన్న పాత నమ్మకమే ఆ తల్లి. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది, ఎలా కూలింది, కూలినా మన మధ్య ఎందుకు బతికే ఉంది అన్నది ఒకసారి చూద్దాం.

గ్రీకు భాషలో గర్భాశయాన్ని హిస్టెరా అంటారు. హిస్టీరియా అన్న మాట అక్కణ్ణించే వచ్చింది. హిపోక్రటీసు పేరు మీద చెలామణీ అయిన వైద్య గ్రంథాలు గర్భాశయం చోటు వదిలి ఒంట్లో తిరుగుతుందనీ, పైకి ఎక్కితే ఊపిరాడదనీ చెప్పాయి. ప్లేటో అయితే 'టిమేయస్'లో దాన్ని పిల్లల కోసం తహతహలాడే ఒక జంతువుగానే వర్ణించాడు. దీనికి వైద్యమేమిటంటే, ముక్కు దగ్గర కంపు కొట్టేది పెట్టడం, కింద సువాసన పొగ వేయడం! జంతువు వాసన పట్టుకుని కిందికి దిగుతుందని. అవే గ్రంథాల్లో ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. ఆడవాళ్ల కండ ఉన్నిలాగా వదులుగా ఉండి రక్తాన్ని పీల్చుకుంటుందట, అది నెలనెలా బయటికి పోకపోతే జబ్బట. మన వీధిలో వినిపించే "చెడు రక్తం" వాదానికి వయసు దాదాపు 2400 ఏళ్లన్న మాట. గర్భాశయం జంతువేమీ కాదని సొరేనస్ అనే వైద్యుడు క్రీ.శ. 2వ శతాబ్దంలోనే చెప్పినా నమ్మకం చావలేదు.

మన దేశమూ దీనికి మినహాయింపు కాదు. నెల పొడుగునా పోగైన రక్తాన్ని వాయువు బయటికి తోస్తుందని సుశ్రుత సంహిత చెప్పింది. పరికరాలు లేని కాలంలో కంటికి కనిపించినదాన్ని వివరించే ప్రయత్నమది, తప్పు పట్టనక్కర్లేదు. కానీ తైత్తిరీయ సంహిత కథ వేరు. ఇంద్రుడి బ్రహ్మహత్యా పాపంలో మూడో వంతు ఆడవాళ్లు పంచుకున్నారనీ, అదే నెలసరి అయిందనీ అంటుంది. ముట్టునాడు తెలిసో తెలియకో చేసిన దోషాలు పోవడానికి ఋషి పంచమి వ్రతం ఇప్పటికీ చేస్తున్నారు. పాశ్చాత్యులు దీన్ని చూసి నవ్వడానికి లేదు. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పేరున్న డాక్టరు, ముట్టయిన ఆడమనిషి పట్టుకుంటే పువ్వులు వాడిపోతున్నాయని చెప్పి 'మెనోటాక్సిన్' అనే విషాన్ని ప్రతిపాదించాడు. ఆ విషం ఎవరికీ దొరకలేదు. మైల అనే మాటకు లాటిను గ్రీకు ముసుగు వేశారు, అంతే.

అసలు సంగతి బయటపడింది కత్తి వల్ల. 1843లో మాంచెస్టరులో చార్లెస్ క్లే పొట్ట కోసి గర్భాశయం తీశాడు, రోగి బతకలేదు. 1853లో అమెరికాలో వాల్టర్ బర్న్‌హామ్ చేసిన ఆపరేషనులో రోగి బతికింది. 1872లో జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ ఇంకో దారి పట్టాడు. నెలసరి బాధలకూ, 'పిచ్చి'కీ మందని చెప్పి ఆరోగ్యంగా ఉన్న అండాశయాలనే తీసేయడం మొదలుపెట్టాడు. ఆ ఆపరేషను ఫ్యాషనై వేల మంది ఆడవాళ్లు బలయ్యారు. ఆ క్రూరత్వంలోంచే ఒక నిజం తేలింది. అండాశయాలు రెండూ తీస్తే గర్భసంచి ఉన్నా నెలసరి ఆగిపోతోంది, ఒంట్లో సెగలు మొదలవుతున్నాయి. 1896లో వియన్నాలో ఎమిల్ క్నావర్ కుందేళ్ల అండాశయాలను కోసి వేరే చోట అతికించి చూశాడు. అవి అక్కడ బతికి ఉన్నంతకాలం గర్భాశయం ఎండిపోలేదు. అంటే సంబంధం నరాల ద్వారా కాదు, రక్తంలోకి వదిలే ఏదో పదార్థం ద్వారా. ఆ పదార్థాల్లో ఒకటైన ఈస్ట్రోన్ 1929లో, ప్రొజెస్టెరోన్ 1934లో శుద్ధరూపంలో దొరికాయి.

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథికీ అండాశయాలకూ మధ్య నెలనెలా ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తుంటాయి. గర్భసంచి వాటి నకలు అందుకునే ఆఫీసు మాత్రమే. ఆ ఆఫీసు మూసేసినంత మాత్రాన ఉత్తరాలు ఆగవు. రొమ్ముల సలపరం, తలనొప్పి, కడుపుబ్బరం, చిరాకు, దిగులు వచ్చేది ఆ ఉత్తరాల వల్ల. ఆగేది రక్తం ఒక్కటే.

ఇక్కడ పేరుతో ఒక చిక్కుంది. మనవాళ్లు గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే 'పార్షియల్' అంటారు. డాక్టర్ల భాషలో గర్భాశయ ముఖద్వారం వదిలి పైభాగం తీస్తేనే పార్షియల్. ముఖద్వారం మిగిలితే కొందరికి నెలనెలా కాస్త మరక కనిపించవచ్చు, క్యాన్సరు పరీక్షలూ మానకూడదు. ఏం తీశారో, ఏం ఉంచారో డిశ్చార్జి కాగితంలో చదువుకోవడం ప్రతి ఆడమనిషి హక్కు.

2001లో గడ్డల వల్ల నాకు గర్భసంచి తీశారు, అండాశయాలు ఉంచారు. నాకప్పుడు 42 ఏళ్లు. కొన్ని నెలల తర్వాత పాత బాధలన్నీ మళ్లీ వచ్చాయి. చూసిన డాక్టరు భ్రమన్నారు. మా అత్తగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. డిఫెన్స్ అకౌంట్సులో పని చేసినదాన్ని, వోచరు లేదని లావాదేవీయే జరగలేదంటే ఒప్పుకోను. 11 నెలలపాటు రోజూ పొద్దున బరువు, ఆ రోజు బాధలు ఒక నోటుబుక్కులో రాశాను. 26 నుంచి 30 రోజులకోసారి అదే వరుస. ఆ నాలుగైదు రోజులు బరువు కిలో, కిలోన్నర పెరిగి మళ్లీ దిగేది. 49వ ఏట సెగలు మొదలయ్యాక ఆ వరుస చెదిరిపోయింది.

ఒక్కదాని నోటుబుక్కు రుజువు కాదు, నాకు తెలుసు. కానీ 1981లోనే బెక్‌స్ట్రమ్, బాయిల్, బేర్డ్ అనే పరిశోధకులు గర్భసంచి తీసిన ఆడవాళ్లలో నెలసరి ముందరి బాధలు కొనసాగుతున్నాయని ప్రచురించారు. 1998లో అమెరికాలో పీటర్ ష్మిట్ బృందం ఇంకో అడుగు వేసింది. ఈ బాధలున్న స్త్రీలలో అండాశయాల పని మందుతో ఆపితే చాలామందికి తగ్గాయి. హార్మోన్లు తిరిగి ఇస్తే మళ్లీ వచ్చాయి. బాధలు లేని స్త్రీలకు అవే హార్మోన్లు ఇచ్చినా ఏమీ కాలేదు. అంటే హార్మోను ఎక్కువై కాదు, మామూలు మోతాదుకే కొందరి శరీరం స్పందిస్తోంది. ఇది భ్రమ ఎలా అవుతుంది?

ఇక లావు సంగతి. నెలనెలా పెరిగి తగ్గేది నీరు. నిలిచిపోయే బరువు వేరే. 2009లో మూర్‌మన్ బృందం అండాశయాలు ఉంచి గర్భసంచి తీసినవాళ్లను ఏడాదిపాటు చూస్తే సగటున 1.36 కిలోలు పెరిగారు. ఆపరేషను లేనివాళ్లు 0.61 కిలో పెరిగారు. తేడా ఉంది, కానీ జనం భయపెట్టేంత కాదు. విశ్రాంతి, వయసు, ముందునుంచీ ఉన్న బరువు కూడా లెక్కలోకి రావాలి. అదే బృందం 2011లో ఇంకో సంగతి చెప్పింది. నాలుగేళ్లలో అండాశయాలు పని మానేసినవాళ్లు ఆపరేషనైనవాళ్లలో 14.8 శాతం, కానివాళ్లలో 8 శాతం. కాబట్టి "ఏమీ కాదు" అనేవాళ్లదీ తప్పే, "చెడు రక్తం" అనేవాళ్లదీ తప్పే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పాత నమ్మకం ఇవాళ కత్తికి గిరాకీ తెస్తోంది. "పిల్లలు పుట్టారుగా, ఇక ఆ సంచి ఎందుకు, తీసేస్తే నెలనెలా గోల వదులుతుంది" అనే మాట మన పల్లెల్లో ఎంత తేలిగ్గా చెల్లుతుందో చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో సుమారు 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీలను లెక్కిస్తే 82 వేల పైచిలుకు ఆడవాళ్లలో 13 వేల మందికి పైగా ఈ ఆపరేషనైంది. నెలసరికి ఒక రోజు మానేస్తే కూలీ పోగా జరిమానా కూడా. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

గోల వదులుతుందని నమ్మి వెళ్లిన మనిషికి గోల వదలదని ముందే చెప్పాలి. గడ్డలకో, ఆగని రక్తస్రావానికో, క్యాన్సరుకో ఈ ఆపరేషను ప్రాణం నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నెలసరి ముందరి చిరాకూ దిగులూ పోవడానికి గర్భసంచి ఒక్కటే తీస్తే లాభం లేదు. దెయ్యాలనూ బాబాలనూ ప్రశ్నించే మనం, "అంతా నీ భ్రమ" అనే మాటను కూడా అదే గట్టిదనంతో ప్రశ్నించాలి. మీ ఇంట్లో ఎవరైనా ఈ బాధ చెప్పుకుంటే ముందు వినండి. ఒక నోటుబుక్కు కొని ఇవ్వండి. మూడు నెలలు రాశాక ఆ నోటుబుక్కు తీసుకుని, లెక్క చూసి మాట్లాడే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.