ఎదుటి చేతి అంచనా (పేకాట)
పదమూడు ముక్కల రమ్మీలో ఎదుటివారి చేతిలో ఏముందో వాళ్లు ఎత్తే, పారేసే ముక్కలను బట్టి పసిగట్టే నేర్పు. ఆటకు ప్రాణం ఇదే. ఎవరైనా ఓపెన్‌లో ఇస్పేటు ఎనిమిది ఎత్తారంటే దాని పక్క ముక్కలో, మిగతా ఎనిమిదులో వాళ్ల దగ్గర ఉన్నట్టే. అక్కడినుంచి ఇస్పేటు ఆరు మొదలు పది దాకా వాళ్లకు వదలకూడదు. రెండు పేకల ఆటలో ఆఠీను తొమ్మిది రెండూ పడిపోతే, ఎనిమిది, పది పట్టుకుని కూర్చోవడం దండగ. జోకరుంటే తప్ప అవి కలవవు.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై నడిచిన కేసులో (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ) సుప్రీంకోర్టు 1967లో ఈ నేర్పునే పట్టించుకుంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి కాబట్టి రమ్మీ ముఖ్యంగా నైపుణ్యపు ఆట అంది. మూడు ముక్కలాటను ఆ కోవలో చేర్చలేదు. పోకర్‌లో మాత్రం పారేసిన ముక్కలు కనబడవు. ఎదుటి చేతి అంచనాకు పందెం తీరే ఆధారం. రమ్మీ నైపుణ్యపు ఆట అని కోర్టు అన్నా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది.