అరువు తెచ్చుకున్న లయ

పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌లో స్కూలు స్నేహితులు కలిసి కట్టుకున్న ఫంక్ బ్యాండు బ్రాండ్ న్యూ హెవీస్. 1992లో వాళ్ల రెండో ఆల్బం 'హెవీ రైమ్ ఎక్స్‌పీరియన్స్, వాల్యూమ్ 1' వచ్చింది. అందులో పది పాటలు, పాటకో ర్యాపర్ లేదా ర్యాప్ బృందం. అంతకు ముందు ఏడాదే ఎన్‌దియా డావెన్‌పోర్ట్ గానంతో ఈ బ్యాండుకు అమెరికాలో పేరొచ్చింది. 1994లో 'బ్రదర్ సిస్టర్' ఆమె గొంతుతోనే వచ్చింది. అందుకే ఈ రెంటి మధ్య వచ్చిన ఈ ర్యాప్ ఆల్బం దారి తప్పిన ప్రయోగంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం వాళ్ల చరిత్రకు అదే కేంద్రం. పాత ఫంక్ రికార్డుల నుంచి హిప్-హాప్ అరువు తెచ్చుకున్న లయ, మళ్లీ వాయించేవాళ్ల చేతికి చేరిన చోటు అది.

ఆ అరువు ఎలా నడిచిందో చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. 1969లో జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్' రికార్డింగులో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కొన్ని సెకన్ల పాటు ఒంటరిగా వాయించిన దరువు తర్వాతి కాలంలో లెక్కలేనన్ని ర్యాప్ పాటలకు పునాది అయింది. పాత రికార్డుల ముక్కలను ఎక్కించుకుని మళ్లీ వాయించే శాంప్లర్ యంత్రాల్లో ఒకటైన, 1987లో వచ్చిన ఎస్‌పీ-1200లో మొత్తం పట్టేది పది సెకన్ల ధ్వనే. అందుకని 33 వేగంతో తిరగాల్సిన ఎల్‌పీని 45లో తిప్పి ఎక్కించుకునేవారు, తర్వాత యంత్రంలో వేగం తగ్గించేవారు. అలా వచ్చిన గరుకుదనమే ఆ కాలపు హిప్-హాప్‌కు అందం. అది కళే, అందులో సందేహం లేదు. కానీ పాట రాసినవాడిగా పేరు లేని స్టబుల్‌ఫీల్డ్‌కు ఆ వాడకాల మీద రాయల్టీ దక్కలేదు. దరువు లోకమంతా తిరిగింది, దాన్ని వాయించిన మనిషి వెనకే ఉండిపోయాడు.

అదే సమయంలో లండన్‌లో ఆ రికార్డులకే మరో జీవితం దొరికింది. నార్మన్ జే వంటి డీజేలు అనుమతి లేని రేడియోల్లో, క్లబ్బుల్లో మరుగున పడ్డ డెబ్బైల నాటి అమెరికన్ ఫంక్‌ను 'రేర్ గ్రూవ్' పేరుతో వినిపించారు. 1987లో జైల్స్ పీటర్సన్, ఎడ్డీ పిల్లర్ 'యాసిడ్ జాజ్' లేబుల్ పెట్టారు. హెవీస్ తొలి ఆల్బం 1990లో అక్కడి నుంచే వచ్చింది. న్యూయార్క్ నిర్మాతలు ఆ సంగీతాన్ని ముక్కలుగా కోసుకుంటే, ఈలింగ్ కుర్రాళ్లు దాన్ని సాధన చేసి చేతికి తెచ్చుకున్నారు. ఆ రెండు దారులు ఈ ఆల్బంలో కలిశాయి. యంత్రంలో తిరిగే ముక్క ర్యాపర్ మాట వినదు. జాన్ కిన్‌కెయిడ్ డ్రమ్స్, ఆండ్రూ లెవీ బాస్, సైమన్ బార్తలోమ్యూ గిటార్ వింటాయి. మెయిన్ సోర్స్, కూల్ జీ ర్యాప్, ఫార్‌సైడ్ ఒకరికొకరు పోలికలేని పద్ధతుల్లో మాట విసురుతుంటే, ఆ మాటలను మోసే పని ఈ ముగ్గురిదే.

ఇందులో కొత్తేముందని అడగవచ్చు. 1979 నాటి 'రాపర్స్ డిలైట్' వెనక కూడా షీక్ బృందపు లయను మళ్లీ వాయించిన కళాకారులే ఉన్నారు. ఎనభైల్లోనే స్టెట్సాసానిక్ వాయిద్యాలతో హిప్-హాప్ చేసింది. నిజమే, నేను తొలి ఘనత కట్టబెట్టడం లేదు. శాంప్లర్ రాజ్యమేలుతున్న రోజుల్లో పేరున్న ర్యాపర్లు ఒక్క బ్యాండు ముందు వరసగా నిలవడమే విశేషం. శాంప్లింగ్‌కు అనుమతి తప్పనిసరి చేసిన 1991 డిసెంబరు నాటి, ర్యాపర్ బిజ్ మార్కీ కేసు తీర్పు వల్లే ఇలా జరిగిందనడం కూడా సరిపోదు. ఆ తీర్పుకు చాలా ముందు నుంచే ఈ కుర్రాళ్లు వాయిద్యాలు పట్టుకున్నారు. అమెరికా నల్లజాతి సంగీతాన్ని బ్రిటన్ బ్యాండు సొంతం చేసుకుందన్న ఆక్షేపణ మాత్రం బరువైనది. దానికి ఆల్బమే కొంత జవాబు: ప్రతి పాట మీదా అతిథి పేరుంది, బ్యాండు వెనక నిలబడింది. స్టబుల్‌ఫీల్డ్‌కు జరిగిన అన్యాయం దీనితో తీరలేదు, నిజమే. కానీ ఈ పాటల్లో దరువు ఎవరు వేశారన్న ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరుంది.

ఈ ఆల్బం వచ్చిన మరుసటి ఏడాది, ఇందులో గ్యాంగ్ స్టార్ బృందం తరఫున పలికిన గురు, డొనాల్డ్ బర్డ్, రాయ్ ఎయర్స్, డావెన్‌పోర్ట్‌లతో 'జాజ్‌మటాజ్' ఆల్బం చేశాడు. అదే ఏడాది ఫిలడెల్ఫియా బృందం ద రూట్స్ సొంత వాయిద్యాలతో 'ఆర్గానిక్స్' తెచ్చింది. ఇవన్నీ ఒక్క ఆల్బం చలవే అనను. కానీ 'వాల్యూమ్ 1' అని పేరు పెట్టుకున్న ఆ పనికి రెండో భాగం రాకపోయినా, అందులోని ఆలోచన ఆగిపోలేదని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు.