పై మంచం, కింది మంచం

దుబాయ్‌లో ఉన్న తన కొడుక్కి ఇమ్మని చిన్నమ్మ ఇచ్చిన సంచీలో మూడు వస్తువులున్నాయి. మామిడికాయ తొక్కు, సకినాలు, నీలం గళ్ల దుప్పటి. తొక్కు, సకినాలు సరే, దుబాయ్‌కి దుప్పటి మోసుకుపోవడమేమిటి, అక్కడ దొరకవా అనడిగాను. "దొరుకుతయట గని, వానికి పొడుగుది గావాల్నట. మంచానికి కట్టుకుంటడట" అంది. కప్పుకుంటాడు అనబోయి కట్టుకుంటాడు అన్నదేమో అనుకుని ఊరుకున్నాను.

ఆ మాట అర్థం అల్ ఖూజ్ పోయాకే తెలిసింది.

షేక్ జాయెద్ రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు దుబాయ్ అంటే రెండు పక్కలా అద్దాల మేడలు. ఆ మేడల వెనక్కి మళ్లితే అల్ ఖూజ్ మొదలవుతుంది. నాలుగు ఇండస్ట్రియల్ ఏరియాలు, వాటి నిండా గోదాములు, గ్యారేజీలు, రెడీమిక్స్ ప్లాంట్లు, ఇనుము కోసే షెడ్లు. ఒకప్పుడు పాలరాయి కోసిన ఫ్యాక్టరీ ఆవరణలో ఇప్పుడు అల్సెర్కల్ ఎవెన్యూ పేరుతో చిత్రకళా గ్యాలరీలు నడుస్తున్నాయి. వీటన్నిటి నడుమ రెండు మూడంతస్తుల పొడవాటి కట్టడాలు, వరండాల్లో బారుగా ఆరేసిన పని బట్టలు. అవే క్యాంపులు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో 'మావోడు దుబాయ్‌ల ఉంటడు' అన్నప్పుడు, ఉండేది చాలావరకు ఇలాంటి చోటే. ఇక్కడో, సోనాపూర్‌లోనో, జెబెల్ అలీలోనో.

నేను దిగింది కూడా గది కాదు, మంచమే. ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు మంచం లెక్కన అద్దెకిచ్చే హాస్టల్. ఎనిమిది మంచాల గదిలో నాది పైది. అక్కడి నుంచి బయల్దేరి, మెట్రో దిగి బస్సెక్కి తమ్ముడి క్యాంపుకు పోయి, గేటు దగ్గర పేరు రాసి, మెట్లెక్కి వాడి గదిలో అడుగుపెట్టగానే ఒక్క క్షణం తికమక పడ్డాను. పొద్దున నేను లేచివచ్చిన గదిలాంటి గదే. అవే ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. అదే ఇరుకు, అదే సర్దుబాటు. నేను అయిదు రాత్రులకు డబ్బు కట్టాను. వాడు ఆరేళ్లుగా ఉంటున్నాడు.

"గిదే అన్నా మా ఇల్లు. కూసో" అని కింది మంచం చూపించాడు.

గదిని కాకుండా మంచాన్ని లెక్కగట్టి బస ఇవ్వడమనే ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనే పట్టుదల నాకు ఆ మంచం మీద కూర్చున్నప్పుడే పుట్టింది. చదివినకొద్దీ కథ చాలా దూరం, జర్మనీలో ఇనుప తీగలు లాగే ఒక చిన్న ఊరిదాకా పోయింది.

రిచర్డ్ షిర్మన్ బడిపంతులు. 1874లో తూర్పు ప్రష్యాలో పుట్టాడు. గెల్సెన్‌కిర్షెన్ అనే బొగ్గుగనుల ఊళ్లో పాఠాలు చెప్పేటప్పుడు, పొగ మసిలో పెరిగే పిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టడం ఆయనకు మనసొప్పలేదు. అడవుల వెంట, వాగుల వెంట నడిపిస్తూ అక్కడే పాఠం చెప్పేవాడు. పైవాళ్లకు అది నచ్చలేదు. 1903లో ఆల్టెనా అనే కొండల నడిమి తీగల ఊరికి మారాడు. అక్కడా నడకలు మానలేదు.

1909 ఆగస్టు 26. పిల్లలతో ఎనిమిది రోజుల కాలినడక, ఆల్టెనా నుంచి ఆహెన్ వైపు. బ్రోల్ లోయలో ఉండగా పెద్ద గాలివాన. తలదాచుకోవడానికి ఒక రైతు కొట్టం అడిగితే కుదరలేదు. పక్కనే ఊరి బడి ఉంది, సెలవులు కావడంతో ఖాళీ. బెంచీలు ఒక పక్కకు జరిపి, నేల మీద గడ్డి పరిచి పిల్లల్ని పడుకోబెట్టారు. బయట ఉరుములు, మెరుపులు. నడిచి అలసిన పిల్లలు నిద్రపోయారు. పంతులుకు నిద్ర పట్టలేదు.

ఆయనకు ఆ రాత్రి తట్టిన ఆలోచన ఎంత సాదాదో చూడండి. ఊరూరా బడి ఉంది. సెలవుల్లో ప్రతి బడీ ఖాళీ. ఒకటి రెండు గదుల్లో గడ్డి పరుపులు వేస్తే, ఒక రోజు నడక దూరానికొకటి చొప్పున దేశమంతా పిల్లలకు బస దొరికినట్టే. కొత్త కట్టడం అక్కర్లేదు, కొత్త డబ్బూ అక్కర్లేదు. ఉన్నదాన్ని ఖాళీగా వదలకపోతే చాలు. చాలా ఆవిష్కరణలు లేనిదాన్ని తయారు చేస్తాయి. ఇది ఉన్నదాన్ని చూసింది. అందుకే నాకు ఈ పంతులంటే గౌరవం.

1910లో ఈ సంగతి కొలోన్ నగరపు పత్రికలో రాశాడు. అది చదివి విల్‌హెల్మ్ ముంకర్ అనే పారిశ్రామికవేత్త తోడయ్యాడు. ఒకరిది ఊహ, మరొకరిది నిర్వహణ. 1912లో ఆల్టెనా కొండమీది పాత కోటలో మొదటి శాశ్వత యువజన బస తెరిచారు. బరువైన చెక్కతో మూడంతస్తుల మంచాలు, ఒక వంటగది, కడుక్కోవడానికి నీళ్లు. ఎవరి పక్క వాళ్లే సర్దుకోవాలి, ఎవరి గిన్నె వాళ్లే కడుక్కోవాలి. ఆ మంచాలున్న గదుల్ని ఇప్పటికీ అక్కడ మ్యూజియంగా కాపాడుతున్నారు. తర్వాత పదేళ్లకు షిర్మన్ బడి ఉద్యోగం మానేసి పూర్తిగా ఈ పనికే అంకితమయ్యాడు. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది, మొదట చేరినవి పదకొండు సంఘాలు. తర్వాత నాజీలు జర్మనీలోని బసలన్నిటినీ తమ యువజన దళం కిందికి తెచ్చుకుని ఆయన్ని పదవుల నుంచి తప్పించారు. ఆయన 1961 దాకా బతికి, తన ఊహ దేశదేశాలకు పాకడం చూశాడు. మన దేశంలో యూత్ హాస్టల్స్ సంఘం 1949లో వచ్చింది. సికింద్రాబాద్ బోట్ క్లబ్ దగ్గరి యూత్ హాస్టల్ మనలో చాలామందికి తెలిసిందే.

మనకు సత్రాలు లేవా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఉన్నాయి, అంతకు చాలా ముందే. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య, పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ చావడి ఉంది, ఎక్కడ నీళ్లున్నాయి, ఏ ఊళ్లో వంట సరుకులు దొరుకుతాయి అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆయన పుస్తకం చదివితే ప్రయాణమంటే ముందు బస, తర్వాతే దారి అని తెలుస్తుంది. కానీ సత్రం దాత పుణ్యం కోసం వెలిసింది. చాలా సత్రాల్లో వరండాలో ఎవరు, లోపల ఎవరు అనేది కులాన్ని బట్టి తేలేది. షిర్మన్ పంతులు బసలో ఎవరి పక్కన ఎవరి మంచం పడుతుందో ముందే గీసిన గీత లేదు. ఈ తేడాను నేను చిన్నది అనుకోలేను. అల్ ఖూజ్‌లో తమ్ముడి గదిలో ఆరుగురు. ఇద్దరు సిరిసిల్ల వైపువాళ్లు, ఒకడు జగిత్యాల, ఒకడు శ్రీకాకుళం, ఇద్దరు ఒడిశావాళ్లు. ఊళ్లో ఒక్క పంక్తిన కూర్చోని ఇళ్ల పిల్లలు ఇక్కడ ఒక్క కుక్కర్ అన్నం తింటున్నారు.

ఆ వంట సంగతి చెప్పాలి. అంతస్తుకొక వంటగది, గోడ పొడుగునా గ్యాస్ పొయ్యిలు. గదికొక మెస్సు. రోజుకొకరు వంతు. సరుకులు కొన్నవాడు నోటుపుస్తకంలో రాస్తాడు, నెలాఖరున కూడి ఆరుతో భాగిస్తారు. పొద్దున నాలుగింటికే పని బస్సు కాబట్టి వంతువాడు రాత్రే వండి డబ్బాలకు పెడతాడు. పండుగ వస్తే లెక్క పక్కన పెట్టి మటన్. జబ్బుపడ్డవాడి వంతు అడక్కుండానే ఇంకొకడు చేస్తాడు, అది పుస్తకంలోకి ఎక్కదు. నా హాస్టల్ వంటగదిలో ఫ్రిజ్ నిండా పేర్లు రాసి అంటించిన డబ్బాలున్నాయి, ఎవరి గుడ్లు వాళ్లవే. షిర్మన్ పంతులు కోరుకున్న వంటగది ఏదని అడిగితే నేను ఈ క్యాంపుదే చూపిస్తాను.

ఇప్పుడు మంచం లెక్క. మామూలు ఒంటి మంచానికి రెండు మీటర్ల పొడుగు, తొంభై సెంటీమీటర్ల వెడల్పు. అంటే 1.8 చదరపు మీటర్ల నేల. మీద ఇంకొకటి ఎక్కిస్తే అదే నేల మీద ఇద్దరు. ఓడల్లోనూ సైనికుల బారకాసుల్లోనూ ఈ లెక్క పాతదే. ఎమిరేట్స్‌లో 2009 నాటి మంత్రిమండలి తీర్మానం కార్మికుల బసలో మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటుండాలని నిర్ణయించింది. ఆరుగురికి పద్దెనిమిది. మూడు జంట మంచాలకు అయిదున్నర పోతే మిగిలిన పన్నెండున్నరలోనే అల్మారాలు, చెప్పులు, నడక, నమాజు, పూజ, ఫోన్లో ఇంటితో మాటలు అన్నీ. యాభై మంది, అంతకు పైగా పనివాళ్లుండి, వాళ్ల జీతం రెండువేల దిర్హముల లోపయితే కంపెనీయే ఉచితంగా బస ఇవ్వాలని 2016లో ఉత్తర్వు వచ్చింది. ఆ కొలతకు తూగేవాళ్లకు క్యాంపు. తూగనివాళ్లకు, విజిట్ వీసా మీద పని వెతుక్కోవడానికి వచ్చే పిల్లలకు 'బెడ్ స్పేస్'. ఈ మాటను దుబాయ్ గోడల మీద, కరెంటు స్తంభాల మీద, దుకాణాల అద్దాల మీద అంటించిన చీటీల్లో చూస్తాం. గది కాదు, ఇల్లు కాదు, పడక పట్టేంత చోటు. 2008లో 'ఒక విల్లా, ఒక కుటుంబం' అంటూ మునిసిపాలిటీ గట్టిగా నిలబడి, విల్లాల్లో గుంపుగా ఉండేవాళ్లను ఖాళీ చేయించింది. జనం వేరే చోటికి జరిగారు, చీటీలు మళ్లీ వెలిశాయి. తక్కువ జీతం ఉన్నంతకాలం మంచం అద్దెకు పోతూనే ఉంటుంది.

ఇంత లెక్కలోనూ ఎవరూ లెక్కవేయనిది ఒకటుంది. మనిషికి కాసేపు ఎవరి కళ్లూ పడని చోటు కావాలి. షిర్మన్ మూడంతస్తుల మంచాలకు ఆ అవసరం లేదు. పిల్లలు ఒక రాత్రి పడుకుని పొద్దున్నే నడిచిపోతారు. తీర్మానంలోని మూడు చదరపు మీటర్లలోనూ దానికి గడి లేదు. ఆ లోటును పూడ్చింది అక్కడ పడుకునేవాళ్లే. పై మంచం పరుపు కింద దుప్పటి అంచు దోపి, కింది మంచం చుట్టూ వేలాడదీశారు. పైవాడు తాడు కట్టి లుంగీని తెరగా వేసుకున్నాడు. అంతే, ఇల్లయింది. లోపల చిన్న లైటు, చార్జర్, దేవుడి పటం, పిల్లల ఫొటో. ఏ క్యాంపులో ఏ ఊరివాడు మొదట కట్టాడో పేరు రాసిపెట్టినవాళ్లు లేరు.

1979లో జపాన్‌లోని ఒసాకాలో కిషో కురోకావా అనే వాస్తుశిల్పి క్యాప్సూల్ హోటల్ గీశాడు. మనిషి దూరి పడుకునే పెట్టె, లోపల లైటు, ముందు తెర. అది ప్రపంచమంతా వార్త అయింది. ఇవాళ ప్రయాణికుల హాస్టళ్లలో ప్రతి మంచానికీ తెర, దీపం, ప్లగ్గు ఉన్నాయని చెప్పుకుంటున్నారు. నా మంచానికీ ఉంది, బూడిదరంగు తెర. మొదటి రాత్రి దాన్ని లాక్కున్నప్పుడు ఎంత నెమ్మది అనిపించిందో! తెర అవతల ఏడుగురున్నారని మరిచి నిద్రపోయాను. కురోకావా పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. అల్ ఖూజ్ దుప్పట్లు కూడా అదే వరుసలో ఉండాల్సినవని నా నమ్మకం. ఒకరు గీసి కట్టించారు, ఒకరు చేతిలో ఉన్న బట్టతో కట్టారు. తీర్చిన అవసరం ఒక్కటే.

"రాత్రి అమ్మతోని మాట్లాడితే ఏడుపొస్తది అన్నా" అన్నాడు తమ్ముడు, దాచుకోకుండా. "పర్ద లేకపోతె అందరు జూస్తరు. జూసి ఆల్లకు గూడ వస్తది."

సంచీ విప్పాను. తొక్కు సీసా అక్కడికక్కడే చేతులు మారింది, సకినాలు ఆరు భాగాలయ్యాయి, ఒడిశా పిల్లాడు ఒకటి విరిచి వాసన చూసి నువ్వులా అని హిందీలో అడిగాడు. దుప్పటి మాత్రం తమ్ముడు ఎవరికీ ఇవ్వలేదు. మంచం పొడుగున జానలు వేసి కొలిచాడు. పాతది, ఎండకు ఉతుకుకు వెలిసిపోయిన ఎర్రది, తీసి మడిచి దిండు కింద పెట్టాడు. కొత్తదాని అంచు పై మంచం పరుపు కిందికి దోపుతుంటే పైనున్నవాడు నిద్రలోనే పక్కకు ఒత్తిగిల్లి చోటిచ్చాడు. కింద ఇంకా జానెడు మిగిలింది.

"అమ్మ కొలత తప్పింది" అన్నాను.

"లే అన్నా, సరిగనే ఉంది. కింద మడుస్త, కాళ్ల కాడ ఏసీ గాలి కొట్టకుంట" అంటూ లోపలికి జరిగి, తెర దగ్గరికి లాగి, దాని వెనక నుంచే అడిగాడు: "కనిపిస్తున్ననా?"

"లేదు" అన్నాను.