లడోగా దీవి, ముగ్గురు చిత్రకారులు

యూరప్‌లోకెల్లా పెద్ద సరస్సు లడోగా. దాని ఉత్తర భాగాన, స్వీడన్, రష్యాలు తరతరాలుగా పోట్లాడుకున్న నీళ్లలో వలామ్ దీవులున్నాయి. అక్కడి మఠాన్ని సెర్గీ, గెర్మన్ అనే ఇద్దరు సాధువులు స్థాపించారని భక్తుల విశ్వాసం. అది పదో శతాబ్దపు మాటని సంప్రదాయం అంటుంది, పద్నాలుగో శతాబ్దపుదని చరిత్రకారులలో ఎక్కువమంది అంటారు. 1611లో స్వీడన్ సేనలు మఠాన్ని తగలబెట్టాయి. ఆ తరువాత దాదాపు వందేళ్లు దీవిలో గంట మోగలేదు. 1715లో పీటర్ చక్రవర్తి ఆజ్ఞతో మళ్లీ పునాదులు పడ్డాయి. ఆ శతాబ్దం ముగిసేలోపే, 1794లో, ఇక్కడి సన్యాసులు అలాస్కాలోని కోడియాక్ దాకా వెళ్లి తమ మతాన్ని బోధించారు. కాలిపోయిన మఠం అంత దూరానికి చేయి చాచడం చిన్న విషయం కాదు. 1839 నుంచి నాలుగు దశాబ్దాలు మఠాధిపతిగా ఉన్న దమాస్కిన్ కాలంలో రాతినేల మీద మట్టి పోసి పండ్ల తోటలు పెంచారు.

చిత్రకారులు వచ్చింది ఆ వైభవ కాలంలోనే. సెయింట్ పీటర్స్‌బర్గ్ కళా అకాడమీ విద్యార్థి ఇవాన్ షిష్కిన్ 1858లో వచ్చి బండల మీది దేవదారు చెట్లను గీశాడు. 1860లో ఈ దీవి దృశ్యాలే అతనికి అకాడమీ పెద్ద బంగారు పతకాన్ని తెచ్చిపెట్టాయి. 1873లో అర్హిప్ కుయింజీ వేసిన వలామ్ చిత్రాన్ని ప్రసిద్ధ సంగ్రాహకుడు త్రెత్యాకోవ్ కొన్నాడు. ఈ ఇద్దరికీ దీవి అంటే ప్రకృతి: ఒకరికి చెట్టు, మరొకరికి వెలుగు. మఠం గతం వారి కుంచెను పెద్దగా కదిలించలేదనే నాకనిపిస్తుంది.

ఆ గతాన్ని చూసినవాడు కుయింజీ శిష్యుడే. 1874లో పుట్టిన నికోలస్ రోరిక్ చిన్ననాటి నుంచే పాత సమాధి దిబ్బలు తవ్వి చూసిన మనిషి. 1903, 1904 సంవత్సరాలలో రష్యా పాత పట్టణాలెన్నో తిరిగి, శిథిలమవుతున్న కోటలను, గుళ్లను వరుసగా చిత్రించాడు. 1916 డిసెంబరులో ఊపిరితిత్తుల జబ్బుతో లడోగా ఒడ్డునున్న సోర్తవాలా చేరాడు. వలామ్‌కు పడవలో వెళ్లగల దూరమది. అక్కడుండగానే, విప్లవం జరిగిన 1917లో, ‘పవిత్ర ద్వీపం’ వేశాడు. గురువు కొలిచిన వెలుగులోకి శిష్యుడు కాలాన్ని తెచ్చాడు. మరుసటి ఏడు రష్యాకూ, సోర్తవాలా ఉన్న ఫిన్లాండ్‌కూ మధ్య సరిహద్దు మూసుకుపోయింది. కుటుంబం ఇక రష్యాలో కాపురముండలేదు. 1922లో అమెరికాలో అతను వేసిన సన్యాసుల చిత్రాల వరుసలో ఒకరు ద్వారం తెరుస్తారు, కొందరు చేపలు పడతారు. ఆ నీళ్లు నాకు లడోగావిగానే తోస్తాయి.

1923లో రోరిక్ మన దేశానికి వచ్చాడు. కొన్నేళ్లకు కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడ్డాడు. అతని చిన్న కుమారుడు, తానూ చిత్రకారుడే అయిన స్వెతొస్లావ్, వాల్తేరులో పుట్టిన సినీనటి దేవికారాణిని 1945లో పెళ్లాడాడు. లడోగా ఒడ్డున కొంతకాలం గడిపిన పిల్లవాడు విశాఖ తీరపు ఆడపడుచుకు భర్త కావడం చరిత్ర చేసిన చమత్కారం.

పాత గుళ్లను చూసి పుట్టిన ఆవేదన రోరిక్ చేత మరో పని కూడా చేయించింది. యుద్ధంలో కళా సంపదకు రక్షణ కల్పించే ఒప్పందానికి ఊపిరి పోశాడు. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో దానిపై అమెరికా ఖండాల దేశాలు సంతకాలు చేశాయి. సోవియట్ యూనియన్ చేయలేదు. 1940 ఫిబ్రవరిలో సోవియట్ విమానాలు వలామ్ మీద బాంబులు కురిపించాయి. అప్పటికి దీవి ఫిన్లాండ్‌ది. సన్యాసులు విగ్రహ పటాలు మూటగట్టుకుని గడ్డకట్టిన సరస్సు మీదుగా తరలిపోయి, ఫిన్లాండ్ లోపల హెయినావేసిలో కొత్త మఠం కట్టుకున్నారు. యుద్ధానంతరం తన వశమైన దీవిలో, పాత మఠం గదుల్లో, సోవియట్ ప్రభుత్వం వికలాంగుల ఆశ్రమం నడిపింది. 1989 డిసెంబరులో సన్యాసులు తిరిగి దీవిలో అడుగుపెట్టారు. హెయినావేసిలోనివారు మాత్రం తమ మఠాన్ని వదలలేదు. వలామ్ పేరున ఇప్పుడు రెండు మఠాలు, రెండు దేశాల్లో, పనిచేస్తున్నాయి.