రెండు మూడేళ్లలో ఇల్లు మారతారా? ఏ హోమ్‌లోన్ మేలు?

ఉద్యోగం మరో నగరానికి మారొచ్చు. కుటుంబం పెరిగి పెద్ద ఫ్లాట్ కావాల్సి రావొచ్చు. కొంటున్న ఇంటిని త్వరలోనే అమ్మాల్సి వస్తుందని తెలిసినవారు వడ్డీ శాతం ఒక్కటే చూసి గృహరుణం తీసుకోకూడదు. గడువుకు ముందే అప్పు తీరిస్తే ఎంత ఖర్చవుతుందో కూడా లెక్క వేసుకోవాలి.

ఫ్లోటింగ్ వడ్డీ

బ్యాంకుల్లో కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలు 2019 అక్టోబరు 1 నుంచి రెపో రేటు వంటి బయటి ప్రామాణిక రేటుతో ముడిపడి ఉంటున్నాయి. ఆ రేటు మారితే మీ వడ్డీ కూడా మారుతుంది. అయితే వ్యక్తులు సొంత అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రుణాన్ని ముందే తీర్చేసినా ఛార్జీ ఉండదు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన రుణాలకు వర్తించే ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం, కనీసం ఇన్నేళ్లు కొనసాగించాలన్న షరతూ పెట్టకూడదు.

ఫిక్స్‌డ్ వడ్డీ

ఈఎంఐ మారదన్న నిశ్చింత ఉంటుంది. కానీ ముందే తీర్చేస్తే ఛార్జీ పడే అవకాశం ఉంది. ఉదాహరణకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు రూ.50 లక్షలు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.43,390. మూడేళ్ల తర్వాత ఇంకా రూ.46.74 లక్షలు బాకీ ఉంటుంది. దానిపై 2 శాతం ఛార్జీ అనుకుంటే సుమారు రూ.93 వేలు. అదే ఫ్లోటింగ్‌లో వడ్డీ అర శాతం పెరిగినా, ఏడాదికి పడే అదనపు భారం దాదాపు రూ.24 వేలే.

రెండూ కలిసిన రుణం

మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్, ఆ తర్వాత ఫ్లోటింగ్‌గా మారే రుణాలూ ఉన్నాయి. వీటిని తీర్చే రోజుకు ఫ్లోటింగ్‌లో ఉంటేనే ఛార్జీ మినహాయింపు కచ్చితంగా దక్కుతుంది. ఫిక్స్‌డ్ కాలంలోనే అమ్మాల్సి వస్తే ఛార్జీ పడొచ్చు.

వీటినీ లెక్కించండి

* పై ఉదాహరణలో మూడేళ్లకు దాదాపు రూ.15.6 లక్షలు కడితే, అసలులో తగ్గేది రూ.3.26 లక్షలే. మిగతాదంతా వడ్డీ.
* ప్రాసెసింగ్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఖర్చు తిరిగి రావు.
* ఇల్లు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలోపు అమ్మితే, పాత పన్ను విధానంలో అసలు చెల్లింపుపై 80సి కింద పొందిన మినహాయింపు, అమ్మిన ఏడాది ఆదాయంలో కలుస్తుంది.
* కొన్న 24 నెలల్లోపు అమ్మితే లాభంపై శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఆ తర్వాతైతే 12.5 శాతం.

సంతకానికి ముందు, బాకీ తీరాక

రుణ సంస్థ ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఏ రకమో, ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంతో చూడండి. ‘ఏమీ ఉండదులెండి’ అన్న నోటిమాటను నమ్మొద్దు. బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగివ్వాలి. సంస్థ తప్పిదంతో ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. తాకట్టు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదై ఉంటే, రద్దు చేయించి ఈసీలో సరిచూసుకోండి. లేకపోతే కొనేవారు వెనకాడతారు.

మొత్తంమీద, మూడు నాలుగేళ్లలో అమ్మడం ఖాయమైతే చాలామందికి ఫ్లోటింగే అనుకూలం. ఈఎంఐ కొంచెం పెరిగినా తట్టుకోలేని బడ్జెట్ అయితే మాత్రం, రుణం రకం కంటే ముందు ఆ కొద్దికాలానికి ఇల్లు కొనాలా, అద్దెకుండాలా అన్నది తేల్చుకోండి.