మిషన్ బడుల్లో విలువలు, నడవడి: తెలుగునాట చరిత్ర

క్రైస్తవ మిషనరీలు, వారి తర్వాత స్థానిక సంఘాలు, క్యాథలిక్ మఠాలు నడుపుతూ వచ్చిన పాఠశాలలకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు మిషన్ బడి. కొన్ని ఊళ్లలో దొరల బడి అన్నారు. సిస్టర్లు నడిపేదాన్ని కాన్వెంటు అన్నారు. ఆ మాట తర్వాత ఎంత వ్యాపించిందంటే, ఏ ఇంగ్లిషు మీడియం బడినైనా ఇవాళ కాన్వెంటు అనే పిలుస్తున్నాం. చదువుతో పాటు నడవడి కూడా నేర్పే బడులని వీటికి మొదటి నుంచీ పేరుంది. వేళకు రావడం, ఒళ్లూ బట్టా శుభ్రంగా ఉంచుకోవడం, అబద్ధమాడకపోవడం, పెద్దల మాట వినడం, తోటివారికి సాయపడటం, రోజూ ప్రార్థనకు నిలబడటం ఇక్కడి నియమాలు. ఈ జాబితా రెండు వందల ఏళ్లుగా దాదాపు ఇలాగే ఉంది. బాగా మారినవి రెండే: బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చన్నది ఒకటి, మతం విషయంలో విద్యార్థి మనస్సాక్షికి ఎంత చోటు ఇచ్చారన్నది రెండోది. ఈ బడుల విలువలను కొలవడానికి గోడ మీద రాసిన సూక్తుల కంటే ఈ రెండే నమ్మదగిన కొలతలు.

ప్రశ్నోత్తరాలతో మొదలు

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటి నడవడి పాఠమే. మద్రాసులో పనిచేసి జర్మనీకి తిరిగివెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో హాలే నగరంలో మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథాన్ని తెలుగులో అచ్చు వేయించాడు. పది ఆజ్ఞలు, ఒక్కో ఆజ్ఞకూ అర్థం, ప్రార్థన ఆ గ్రంథంలో ఉంటాయి. ఉపాధ్యాయుడు ప్రశ్న అడగడం, పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పడం అనే పద్ధతి ఈ రకం పుస్తకాలతోనే మిషన్ బడుల్లో స్థిరపడింది.

తెలుగు ప్రాంతంలో మిషనరీలు నిలదొక్కుకున్నది 1805లో, విశాఖపట్నంలో. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజ్ అక్కడ బడి పెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో డెస్‌గ్రాంజ్ తెనిగించిన సువార్తలు 1812లో అచ్చయ్యాయి. వాచకం, మతగ్రంథం, నీతి పుస్తకం అన్నీ ఒకటే అయిన కాలమది.

ఒక చిన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ లూథరన్, క్యాథలిక్ లెక్కలో నాలుగోది. బాప్టిస్టు, ఆంగ్లికన్ లెక్కలో ఐదోది. అందువల్ల గుంటూరు లూథరన్ బడి పిల్లవాడు నాలుగోదిగా వల్లించిన ఆజ్ఞనే ఒంగోలు బాప్టిస్టు బడి పిల్లవాడు ఐదోదిగా అప్పజెప్పాడు. మిషన్ బడులన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావనడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు.

మచిలీపట్నం బెంచీ, ఒంగోలు బెంచీ

చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చాడు. 1843 నవంబరులో ఇంగ్లిషు బడి తెరిచాడు. అప్పటికి పదమూడేళ్ల కిందట అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో మొదలుపెట్టిన పద్ధతినే ఎంచుకున్నాడు. పై కులాల పిల్లలకు ఇంగ్లిషుతో పాటు బైబిలు నేర్పితే, ఆ విలువలు వాళ్ల ద్వారా కిందికి దిగుతాయన్నది ఆ పద్ధతి వెనక ఉన్న నమ్మకం. రోజూ బైబిలు పాఠం తప్పనిసరి. ఆలస్యాన్నీ అబద్ధాన్నీ సహించేవాడు కాదు. తాను పెళ్లి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఆయన పెట్టిన బడే నోబుల్ కళాశాల అయింది. విశ్వనాథ సత్యనారాయణ చదివింది అక్కడే.

అంతటి నిష్ఠ గల మనిషి, మాల మాదిగ పిల్లలను మాత్రం తరగతిలోకి రానివ్వలేదు. ఇంగ్లండులో పెద్ద కుటుంబాలవాళ్లు తమ పిల్లలను పనివాళ్ల పిల్లల పక్కన కూర్చోబెడతారా అన్నది ఆయన వాదన. అయినా పై కులాలవారి కోపం తప్పలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు, ఒక బ్రాహ్మణుడూ ఒక వెలమా, బాప్తిస్మం తీసుకోగానే బడి ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్లీ నిండింది. అందరూ దేవుడి పిల్లలేనని పాఠంలో చెప్పి, కొందరిని గడప బయటే ఉంచిన ఆ ఏర్పాటు నోబుల్ జీవితంలో పెద్ద లోపం. ఆయన త్యాగాన్ని ఎంత గౌరవించినా ఈ మాట చెప్పక తప్పదు.

అదే కోస్తాలో పాతికేళ్ల తర్వాత ఒంగోలులో మరో నిర్ణయం జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. ఊరి బ్రాహ్మణ కుటుంబాలు ఆయన బడికి పిల్లలను పంపాయి, సాయమూ చేశాయి. ఇంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ద్వారా మాదిగలు బాప్తిస్మానికి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని పెద్దలు చెప్పేశారు. ఆ రాత్రి క్లౌ తన గదిలో, ఆయన భార్య వేరే గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారని, ఇద్దరికీ ఒకే చోటు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కంటబడిందని క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. లోకం తక్కువ చేసినవారినే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగమది. క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు. బ్రాహ్మణ పిల్లలు వెళ్లిపోయారు.

బాప్తిస్మానికి వచ్చినవాళ్ల ముందు క్లౌ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. చూడటానికి ఇవి మత నియమాలే. కానీ ఊళ్లో వెట్టి చేసే మనిషి ఆదివారం రానని చెప్పడం, జాతరలో డప్పు కొట్టనని చెప్పడం మాటలు కాదు. బడిలో పిల్లవాడు నేర్చిన నడవడి ఇంటిల్లిపాదికీ, ఒక్కోసారి పల్లె మొత్తానికీ కష్టం తెచ్చిపెట్టింది. అదే వాళ్లకు తలెత్తుకునే దారీ చూపింది.

బోర్డింగు జీవితం

నియమాలు నిజంగా ఒంటబట్టింది బోర్డింగుల్లో. తెల్లవారకముందే గంట కొడతారు. మొహం కడుక్కుని ప్రార్థన, ఆ తర్వాత ఊడవడం, నీళ్లు తోడటం, మొక్కలకు పోయడం. అప్పుడుగానీ బడి లేదు. సాయంత్రం దీపాల దగ్గర చదువు, తెలుగు కీర్తనలు, మళ్లీ ప్రార్థన. పనిని వంతులవారీగా పంచేవారు కాబట్టి, ఈ పని ఫలానా కులానిదే అన్న లెక్క ఆ ఆవరణలో చెల్లేది కాదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్లులో శరీరశ్రమను చదువులో భాగం చేశాడు. పొలం పనికి నామోషీ పడే చదువు పల్లె పిల్లలకు పనికిరాదని ఆయన పట్టు.

అన్నిటికన్నా కష్టమైన నియమం భోజనాల దగ్గర ఎదురైంది. లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఈ ఇద్దరి మధ్య కంచం పొత్తు అంత తేలిగ్గా కుదరలేదు. బోర్డింగులో మాత్రం అందరికీ ఒకటే వంట, ఒకటే పంక్తి. పక్కవాడిని చూసి పళ్లెం జరుపుకున్న పిల్లవాడు నాలుగు నెలలకు ఆ పక్కవాడితోనే ఊరగాయ పంచుకున్నాడంటే, ఏ నీతిపాఠం చేయలేని పని అక్కడ జరిగినట్టే.

ఈ వ్యవస్థ తన ఉపాధ్యాయులను ఎలా చూసిందో కూడా చెప్పాలి. గుర్రం జాషువా యువకుడిగా మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పాఠాలు చెప్పాడు. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు. హిందూ పురాణ కథలు కావ్యాలుగా రాస్తున్నందుకు క్రైస్తవ పెద్దల ఆగ్రహానికి గురయ్యాడు. సమానత్వం నేర్పిన చోటే కవి ఊహకు హద్దు గీయబోయారు.

బైబిలు గంట, మనస్సాక్షి

1854 నాటి వుడ్ విద్యా పత్రం మిషన్ బడులకు ప్రభుత్వ గ్రాంటు తలుపు తెరిచింది. మత బోధన జోలికి ఇన్‌స్పెక్టర్లు వెళ్లకూడదంది. దాంతో ఖజానా సొమ్ము తీసుకునే బడిలో, హిందూ ముస్లిం పిల్లలకు బైబిలు గంట తప్పనిసరి చేయడం న్యాయమా అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న దాదాపు వందేళ్లు నలిగింది. 1882 నాటి హంటర్ కమిషన్, అన్ని మతాలకూ సమ్మతమైన ఒక నీతి వాచకం తయారు చేయాలని సూచించింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఆ కమిషన్ సభ్యుల్లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల అధిపతి విలియం మిల్లర్ ఒకరు. విద్యార్థి మతం మారాలన్న పట్టుదల కన్నా, అతని శీలంలో క్రైస్తవ విలువలు ఇంకడమే ముఖ్యమని మిల్లర్ భావించాడు. ఆయన శిష్యుల్లో తెలుగువాడు రఘుపతి వేంకటరత్నం నాయుడు మతం మారలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. నోబుల్ కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1904 నుంచి కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఆడపిల్లలను చేర్చుకున్నాడు, దళిత విద్యార్థులకు వసతి కల్పించాడు, భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపాడు. మిషన్ కళాశాలల శీలబోధ చర్చి గోడ దాటి ఎక్కడికి వెళ్లిందో చెప్పడానికి ఆయన జీవితమే ఉదాహరణ.

నోబుల్ కళాశాల ఉన్న మచిలీపట్నంలోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. పరాయి మతం, పరాయి పాలన నీడ లేని చదువు కావాలన్న కోరిక దాని పునాది.

తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ వేరు. హిందూ మతంపై క్రైస్తవ ఉపాధ్యాయులు చేసిన విమర్శే తనను ఆ మతాన్ని లోతుగా చదివేలా చేసిందని ఆయన చెప్పుకున్నాడు. 1948–49లో ఆయన అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ప్రతి విద్యాసంస్థలో రోజును కొన్ని నిమిషాల మౌన ధ్యానంతో మొదలుపెట్టమంది. ఎవరి దేవుడిని వారు తలచుకునే వీలున్న ప్రార్థన అది.

స్వాతంత్ర్యం తర్వాత

పాత ప్రశ్నకు రాజ్యాంగం సూటిగా జవాబిచ్చింది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకోవచ్చని 30వ అధికరణం అంటుంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న ఏ సంస్థలోనైనా, తన సమ్మతి, మైనరైతే సంరక్షకుల సమ్మతి, లేకుండా విద్యార్థిని మత బోధనకు గానీ ఆరాధనకు గానీ రమ్మని బలవంతం చేయకూడదని 28వ అధికరణంలోని మూడో క్లాజు అంటుంది.

క్యాథలిక్ బడుల్లో దీని ఫలితం టైంటేబుల్లోనే కనిపించింది. గంట కొట్టగానే తరగతి రెండుగా విడిపోతుంది. క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశం అనే మత పాఠానికి, మిగతావాళ్లు మోరల్ సైన్సుకు. మోరల్ సైన్సు పుస్తకంలో నిజాయితీ, క్షమ, కృతజ్ఞత గురించి కథలుంటాయి. స్కూలు డైరీ మొదటి పేజీల్లో నియమాలుంటాయి: యూనిఫారం, హాజరు, నగలు వద్దు, ఇంగ్లిషులోనే మాట్లాడాలి. టీసీలో కండక్ట్ అనే చిన్న గడి కోసం పిల్లలు పదేళ్లు భయపడి నడుచుకున్నారు.

ఆ డైరీ నియమాల్లో కొన్ని హద్దు దాటాయి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక క్రైస్తవ పాఠశాలలో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. తెలుగెప్పుడూ మాట్లాడనని వాటి మీద ఇంగ్లిషులో రాసి ఉంది. రాష్ట్రమంతా భగ్గుమంది. తెలుగులో పుస్తకాలు అచ్చు వేయించినవారి వారసత్వం చెప్పుకునే బడికి అది తగని శిక్ష. బెత్తం వాడకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకు ముందే, 2002లో నిషేధించింది. అవమానించడం కూడా దెబ్బేనని ఒప్పుకోవడానికి మాత్రం చాలా బడులకు మరింత కాలం పట్టింది.

మాల వేసుకున్న విద్యార్థి యూనిఫారం బదులు దీక్షా వస్త్రాలతో వస్తే ఏం చేయాలన్నది ఇటీవలి ప్రశ్న. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో ఒక క్యాథలిక్ పాఠశాలపై ఈ విషయంలోనే గుంపు దాడి చేసింది. తల్లిదండ్రులూ ప్రిన్సిపాలూ కూర్చుని పది నిమిషాల్లో తేల్చుకోగల విషయానికి అద్దాలు పగిలాయి.

అదే నెలలో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య తన పాఠశాలలకు 13 పేజీల మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దకూడదని, రాజ్యాంగ పీఠికను ముఖద్వారం దగ్గర ఉంచి రోజూ ఉదయం అసెంబ్లీలో చదివించాలని, వీలైతే సర్వమత ప్రార్థన గది ఏర్పాటు చేయాలని వాటిలో ఉంది. దేశంలో దాదాపు 14 వేల పాఠశాలలు ఆ సమాఖ్య ఆధ్వర్యంలో నడుస్తున్నాయి.

పిల్లలను ఇలాంటి బడిలో చేర్చబోయే తల్లిదండ్రులు అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టే ముందు డైరీలోని నియమాలు పూర్తిగా చదవాలి. మత బోధన, ప్రార్థన విషయంలో తమ సమ్మతి ఉందో లేదో ఆ రోజే రాసివ్వాలి. అది బడి దయ చూపి ఇచ్చేది కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు.