జాన్ నేపియర్ దాచిన ఆయుధము: ఒక చారిత్రక పరిశీలన

లాగరిథములను కనుగొన్న జాన్ నేపియర్ (1550–1617) పేరు గణితం చదివినవారికి సుపరిచితమే. అయితే ఆయనకు మొదట కీర్తి తెచ్చినది గణితం కాదు, 1593లో వెలువడిన ప్రకటన గ్రంథ వ్యాఖ్యానము. పోపే క్రీస్తు విరోధి అని అందులో వాదించి, లోకాంతం 1688, 1700 సంవత్సరాల మధ్య వస్తుందని లెక్క కట్టాడు. గొప్ప గణితవేత్త వేసిన ఈ లెక్క ఏమైందో మనకు తెలుసు.

1588లో స్పెయిన్ నౌకాదళం ఓడిపోయినా మరల దండెత్తుతుందన్న భయం బ్రిటన్‌లో పోలేదు. ఆ భయంలోనే, 1596 జూన్‌లో, నేపియర్ తన రహస్య ఆయుధాల పట్టికను సిద్ధపరచాడు. ఆ పత్రం లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్‌లో భద్రపరచబడింది. శత్రునౌకలను దూరం నుండే దహించే అద్దాలు, లోపలి సైనికులు నడిపే లోహపు రథము, నీటి అడుగున ప్రయాణించే సాధనాలు అందులో ఉన్నాయి. అన్నింటికంటె భయంకరమైనది ఒక ఫిరంగి: దాని గుండు సూటిగా పోక, నిర్ణీత స్థలమంతా తిరిగి అక్కడున్న వారందరినీ కూల్చుతుందట. ఇవన్నీ దైవసత్యానికి శత్రువులైనవారి నుండి ఈ ద్వీపాన్ని కాపాడడానికేనని ఆయన వ్రాశాడు. ఇక్కడ సంకోచం ఏ కోశానా కనబడదు.

సంకోచం కనబడేది 1652లో థామస్ అర్కర్ట్ వ్రాసిన కథనంలో. నేపియర్ అటువంటి యంత్రాన్ని స్కాట్లాండులో ఒక మైదానంలో పరీక్షించగా పశువుల మందలు నేలకూలాయనీ, మరణశయ్యపై మిత్రులు బతిమాలినా ఆ రహస్యం చెప్పలేదనీ అతడు అంటాడు. నరనాశనానికి ఉన్న సాధనాలే ఎక్కువ, మానవ హృదయంలోని దుష్టత్వం వాటిని తగ్గనివ్వదు, నా వలన మాత్రం ఒక్కటీ పెరగకూడదు: ఆయన జవాబు సారాంశమిది.

దీనిని ఎంతవరకు నమ్మవచ్చు? అర్కర్ట్ అతిశయోక్తులకు పేరుపడినవాడు; పైగా నేపియర్ చనిపోయిన 35 ఏళ్లకు వ్రాశాడు. పశువుల కథను మేము నమ్మలేకపోతున్నాము. నిరాకరణను మాత్రం అంత తేలికగా కొట్టివేయలేము. 1596 పత్రంలో దుష్టత్వమంతా సముద్రానికి అవతల, శత్రువులలో ఉంది. అర్కర్ట్ వినిపించే మాటలలో అది మానవులందరి హృదయంలో ఉంది. స్వపక్షపు చేతులు కూడా ఈ ఆయుధానికి సురక్షితం కావని దీని అర్థం. ఆదాము పాపాన్ని గూర్చి స్కాట్లాండు సంఘం బోధించినది కూడా ఇదే గనుక, ఇది నేపియర్ నోట రాదగిన మాటే. అయినా సాక్షి ఒక్కడే.

లాగరిథములను 1614లోను, గుణకారాన్ని సులభం చేసే కడ్డీల పద్ధతిని 1617లోను నేపియర్ లోకానికి వివరంగా అందించాడు. ఆ ఫిరంగి నిర్మాణాన్ని మాత్రం ఏ గ్రంథంలోనూ వివరించలేదు.